ఉప్పు చూసే ఒంటికన్ను

నేను ఒక గొట్టాన్ని. 'ఏ గొట్టంగాడివి?' అని మీరు అడగబోతున్నారని తెలుసు. అడగండి, నొచ్చుకోను, నిజంగా గొట్టంగాణ్ణే. జానెడు పొడుగుంటాను. ఒక కొసన మీరు కన్ను పెట్టే అద్దం, రెండో కొసన ఏటవాలుగా ఒక గాజుపలక, దాని మీద మూసుకునే రెప్ప. ఆ పలక మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, రెప్ప మూసి, వెలుగు వైపు తిప్పి చూశారంటే ఆ నీళ్ళలో ఉప్పెంత ఉందో, వెయ్యి పాళ్ళకి ఎన్ని పాళ్ళో, లోపలి గీతల మీద చూపిస్తాను. నా అసలు పేరు రిఫ్రాక్టోమీటరు. పలకాలంటే నోట్లో పళ్ళన్నీ ఉండాలి. అందుకని పొన్నలంకలో నన్ను 'ఉప్పుగొట్టం' అంటారు.

నా మూలంగా ఆ ఊళ్ళో ఒక ఆడపిల్ల పుట్టింది. కంగారుపడకండి, నా శీలం గాజంత స్వచ్ఛం. జరిగింది వినండి.

శ్రావణమాసం. రాత్రంతా కుండపోత. పొద్దున్నే మా త్రిమూర్తులు రొయ్యల చెరువు గట్టు మీంచి ఉరుకుతూ వచ్చి, ఇంటి అరుగు మీద నిలబడి, ఫోన్లో అరుస్తున్నాడు. ఉప్పుటేరు పక్కనున్న ఊళ్ళలో సిగ్నల్ ఎంత తగ్గితే గొంతు అంత పెరుగుతుంది.

"సాలినిటీ పడిపోయింది భూషణం బావా! నిన్న పదిహేను, ఇయ్యాల నాలుగు! మధ్యాన్నానికి పిల్ల వచ్చేత్తాది. ఇలాగే ఉంటే పిల్ల బతకదు బావా!"

లోపల చింతపండులో పిక్కలు తీస్తున్న వాళ్ళమ్మ పేరంటాలమ్మకు ఎడమ చెవి పనిచెయ్యదు. కుడి చెవి తనకు నచ్చినంత వరకే పనిచేస్తుంది.

"ఏమే మాణిక్యం! శాలిని ఎవరే? పడిపోయిందంట. పిల్ల బతకదంటున్నాడే మీ ఆయన!"

కోడలు మాణిక్యం అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపి గుమ్మం దాటుతోంది. "శాలినీ లేదు, మాలినీ లేదు అత్తయ్యా! చెరువు గొడవ!"

"చెరువులో పడిందా నా తల్లి!" అని పెద్దావిడ గుండెలు బాదుకుంది. పదిహేను, నాలుగు అన్న మాటలు కూడా ఆవిడ చెవిన పడ్డాయి. కాసేపు ఆలోచించి, "ఇద్దరన్నమాట. పెద్దదానికి పదిహేనేళ్ళు, చిన్నదానికి నాలుగేళ్ళు. అయ్యో, ఏ తల్లి కన్న పిల్లలో" అని తేల్చుకుంది. దేవుడి గూటి ముందు నిలబడి, పిల్లలు గట్టెక్కితే పరమాన్నం చేసి పంచుతానని మొక్కేసుకుంది.

ఆవిడ్ని అలా మొక్కుకోనిచ్చి, నా పుట్టుక గురించి కాస్త చెప్పుకుంటాను.

నేను పుట్టింది చైనాలో. ఏ ఊరో అడక్కండి, నా పేరు మీకు తిరగనట్టే ఆ పేరు నాకు తిరగదు. అక్కడ ఒక కార్మికురాలు నా గాజు తుడిచి, శుద్ధమైన నీటిచుక్క వేసి, చిన్న మర బిగించి నా గీతను సున్నా దగ్గర నిలబెట్టింది. జీవితంలో నేను నేర్చుకున్న మొదటి అంకె సున్నా. మనుషులు మాత్రం పుట్టగానే ఒకటి నుంచి మొదలుపెడతారు. ఆ 'నేనే ఒకటి'తోనే చిక్కంతా.

నన్ను మొదట చెన్నైలో ఒక షోకిల్లారాయుడు కొన్నాడు. సముద్రపు చేపల్ని గాజుతొట్టెలో పెంచుదామని ఆయన సరదా. చేపలకు తొట్టె మీద విసుగు పుట్టేలోపే ఆయనకు చేపల మీద పుట్టింది. తొట్టెతో పాటు నన్నూ వదిలించుకున్నాడు. అక్కణ్ణుంచి గోదావరి జిల్లాలో ఒక రొయ్యల మేత దుకాణానికి చేరాను. ఆ దుకాణదారు నన్ను దుర్బిణీ అనుకుని, ఎదురు డాబా మీద వాళ్ళావిడ ఎండబెట్టిన అప్పడాలను కాకులు ఎత్తుకుపోతున్నాయేమో చూడబోయాడు. ఏమీ కనబడలేదు. "పాడైపోయింది" అని నన్ను అద్దాల బీరువాలోకి తోశాడు. మనుషులింతే. తాము చూడాల్సిన చోటు చూడరు, తప్పు కంటిది అంటారు.

ఆ బీరువాలోంచి నన్ను బయటికి తీసింది మాణిక్యం. 'ఉప్పు చూసేది ఏదైనా ఉందా అండీ' అంటూ దుకాణానికి వచ్చిన రోజు ఆవిడ కళ్ళు నాకింకా గుర్తే. ఆ కళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పడానికి నా గీతలు చాలవు.

వాళ్ళది పూర్వం వరిచేను. కొన్నేళ్ళుగా ఉప్పుటేటి పోటు నీరు నేలలోకి పాకి, ఊడ్చిన వరి ఊడ్చినట్టే ఎండిపోతోంది. చుట్టూ నీళ్ళున్నాయి, మధ్యలో నిలబడి వరి దాహంతో చచ్చింది! మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరు నీరు తాగలేదు సరికదా, తన నీరు కూడా పోగొట్టుకుంటుంది. వరి వద్దంది కాబట్టి రొయ్య ముద్దంది మాణిక్యం. నగా నట్రా అని చూసుకోకుండా అమ్మేసి, దగ్గరుండి చెరువు తవ్వించింది. మొదటిసారి పోసిన రొయ్యపిల్లంతా ఒక్క పూటలో పోయింది. "ఈసారి కూడా పోయిందా, చెరువు భూషణం బావకి ఒప్పగించేసి హైదరాబాద్ పోదాం. ఏ అపార్ట్‌మెంట్‌కో వాచ్‌మన్‌గా ఉంటాను" అని త్రిమూర్తులు తేల్చి చెప్పేశాడు. తన చెరువు గట్టు మీద తాను నిలబడాలా, ఎవరి గేటు ముందో మొగుడు నిలబడాలా అన్నది మాణిక్యం బెంగ. అందుకే నేను.

మొదటి పిల్ల ఎందుకు పోయిందో చెప్పాలంటే కాస్త శాస్త్రం చెప్పాలి. పారిపోకండి, నాకు తెలిసిందే సగం, చెప్పేది అందులో సగం.

ప్రాణమున్న ప్రతిదీ కణాల కాపురం. ప్రతి కణం చుట్టూ ఒక పొర. ఆ పొర పెళ్ళింటి గుమ్మం దగ్గర కూర్చున్న మేనత్త లాంటిది. నీటిని రానిస్తుంది, పోనిస్తుంది, ఉప్పుని మాత్రం "నువ్వెవరి తాలూకు?" అని నిలదీస్తుంది. నీటికేమో ఉప్పంటే మహా ఇది. ఏ వైపు ద్రావణం గాఢంగా ఉంటే ఆ వైపుకి గాఢమైన ప్రేమతో పొర దాటి వెళ్ళిపోతుంది. పుస్తకాల్లో దీన్ని ద్రవాభిసరణం అంటారు. ఆ పేరు పెట్టినవాడు రసికుడై ఉండాలి. చిమ్మచీకట్లో ప్రియుణ్ణి వెతుక్కుంటూ పోయే అభిసారికను నీటిలో చూశాడు!

బయట ఉప్పెక్కువైతే లోపలి నీరు లేచిపోతుంది, కణం వడిలి ముడుచుకుంటుంది. పేరంటాలమ్మ ఉప్పులో వేసిన మామిడిముక్క ఊట వదిలి ముడతలు పడేది అందుకే. బయట చప్పగా ఉంటే నీరు లోపలికి తోసుకొస్తుంది, కణం ఉబ్బుతుంది. మరీ ఉబ్బితే పగిలే ప్రమాదమూ ఉంది. రొయ్యపిల్ల ఘటికురాలే. మొప్పల్లోని కణాలతో ఉప్పుని లోపలికి తోడుకునో బయటికి తోసేసో సర్దుకోగలదు. కాని ఆ సర్దుబాటుకి వ్యవధి ఇవ్వాలి. క్షణంలో మారమంటే కణానికది మరణమే.

పిల్ల వచ్చేది రొయ్యగుడ్లు పొదిగించే హేచరీ నుంచి, సంచుల్లో, సముద్రమంత కాకపోయినా బాగా ఉప్పటి నీళ్ళలో. చెరువు నీళ్ళు అంతకన్నా చప్పన. కాబట్టి పిల్లని తొట్టెలో పోసి, చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేసి, అప్పుడు వదలాలి. ఇది అందరికీ తెలిసిన పద్ధతే. కాని పొన్నలంకలో ఇంకో పద్ధతి కూడా ఉంది. పిల్లని ముహూర్తానికి వదలాలి. పంచాంగం చూసేది పక్క చెరువు భూషణం. దూషణమే భూషణంగా గల మనిషి, మనసు మాత్రం మంచిది. కిందటిసారి వ్యాను ఆలస్యంగా వచ్చింది. "ముహూర్తం దాటిపోతంది, పొయ్యండెహె!" అని భూషణం కేక వేశాడు. సంచులు కోసి గబగబా కుమ్మరించేశారు. మంచి ఘడియలో పోశారు, మరు ఘడియలో పోయాయి.

ఇక శ్రావణంలో పలచబడ్డ మన ద్రావణం దగ్గరికి వద్దాం.

మాణిక్యం అరుగు మీంచి నన్ను తీసుకుని, మోటారు దగ్గర ఆగి, గట్టు ఎక్కేసరికి త్రిమూర్తులు ఉప్పు బస్తాలు దింపిస్తున్నాడు. ఫోన్లో భూషణం ఇచ్చిన సలహా అది. నాలుగుకి పడిపోయిన చెరువుని ఉప్పేసి పైకి లేపాలట.

"ఆగండి, ఏంటిది?" అంది మాణిక్యం. "మోటారు పైపు నీళ్ళు ఇప్పుడే చూశాను. పదిహేనుంది. ఎందుకీ ఉప్పు?"

"పదిహేనా? నీకు కళ్ళు కనబడతన్నాయా? నేను స్వయంగా మగ్గుతో ముంచి చూశాను. నాలుగు!"

"మీకే కనబడట్లేదు."

"ఏమేవ్, నాకు కళ్ళజోడు లేదు, నీకుంది!"

"అందుకే నాకు కనబడుద్ది!"

మళ్ళీ చూశారు. ఆయన మగ్గుతో ముంచాడు, నాలుగు. ఆవిడ పైపు దగ్గర పట్టింది, పదిహేను. ఈలోగా సైకిలు దిగి భూషణం కూడా వచ్చాడు. ఇద్దరి మధ్యా నిలబడి నన్ను తిప్పి చూసి, తీర్పు చెప్పేశాడు.

"ఎవరి కన్నూ తప్పు కాదు. దీని కన్నే తప్పు. చైనా సరుకు! ఆయ్, ఒకే చెరువుకి రెండు మాటలు చెప్పేదాన్ని నమ్ముకుని చేస్తారా ఎవసాయం?"

నాకు నోరుంటే అరిచేవాణ్ణి. ఉన్నది కన్ను. గాజు పగిలేలా చూశాను, అంతే చెయ్యగలిగింది.

త్రిమూర్తులుకి రాత్రి నిద్ర లేదు, పొద్దున్న టీ లేదు. కిందటి పంట పోయిన దుఃఖం అలాగే ఉంది. "దీని మాట విని నా పిల్లల్ని మళ్ళీ చంపుకోమంటావా!" అని నన్ను గిరాటేశాడు. గాల్లో రెండు పల్టీలు కొట్టి, చెరువులో బుడుంగుమన్నాను. మునుగుతూ మునుగుతూ గమనించాను, పైన చల్లగా, చప్పగా ఉంది. అడుక్కి పోయేసరికి వెచ్చగా, ఉప్పగా ఉంది. సత్యం నాకు తెలిసిపోయింది. బురదలో కూరుకున్నవాడి సత్యం ఎవరు వింటారు?

మాణిక్యం చీర బిగించి నీళ్ళలోకి దిగింది. నడుం లోతుకి వచ్చి, పాదాలతో బురద తడుముతూ నన్ను వెతుకుతోంది. వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయింది.

"ఏవండీ."

"దొరికిందా?"

"ఇలా దిగండి."

"దేనికి?"

"దిగమన్నానా! నడుం దగ్గర నీళ్ళు ఎలా ఉన్నాయి?"

త్రిమూర్తులు గొణుక్కుంటూ దిగాడు. "చల్లగా ఉన్నాయి. వాననీళ్ళు కదా."

"పాదాల దగ్గర?"

ఆయన కాలివేళ్ళతో బురద తడిమాడు. "వెచ్చగా ఉన్నాయే!"

అప్పటికి నేను ఆవిడ కాలివేళ్ళకు తగిలాను. పైకి తీసి, కొంగుతో తుడిచి, మంచినీళ్ళ సీసాలో నీళ్ళతో కడిగి, నా మర తిప్పి మళ్ళీ సున్నాకు తెచ్చింది. ఖాళీ అయిన సీసా మూతిని అరచేత్తో మూసి, అడుగుదాకా ముంచి, అక్కడ చెయ్యి తీసి నింపి, మళ్ళీ మూసి పైకి తెచ్చింది. అడుగు నీళ్ళు పదిహేను. పై నీళ్ళు నాలుగు.

"వాననీళ్ళు తేలిక. ఉప్పునీళ్ళ మీద మీగడలా తేలుతున్నాయి" అంది మాణిక్యం. "మీరు మగ్గుతో మీగడ చూశారు, అడుగు నుంచి తోడే పైపు దగ్గర నేను పాలు చూశాను. చెరువొక్కటే, పొరలు రెండు."

పొర చూడకపోవడమే పొరపాటు. ఆ మాట నేననుకున్నాను, ఆవిడ అనలేదు. మొగుడి పొరపాటుని నోటితో అనకుండా కళ్ళతో అనడం ఆవిడకు తెలుసు.

భూషణం గట్టు మీంచి, "అయితే పై నీళ్ళు చూసి పిల్లని నాలుగుకి అలవాటు చేసుంటే?" అన్నాడు.

"అడుక్కి దిగేది కదా రొయ్యపిల్ల. నాలుగు నుంచి పదిహేనులో పడి ఊరగాయ అయ్యేది. ఇక మీ బస్తాలు కూడా పోస్తే ఊరగాయ మీద ఉప్పు!"

త్రిమూర్తులు నన్ను భార్య చేతిలోంచి తీసుకుని, తువ్వాలు చెంగుతో మరోసారి తుడిచాడు. క్షమాపణ అడగలేదు. కాని అవసరమున్న దానికన్నా ఎక్కువసేపు తుడిచాడు. మగవాళ్ళ భాషలో దాన్నే క్షమాపణ అంటారని నా అనుభవం.

కరెంటు ఉండటం ఆ రోజు మా అదృష్టం. ఏరేటర్లన్నీ వేశారు. చక్రాలు నీళ్ళను చిలికి చిలికి పైపొరనీ కిందపొరనీ కలిపేశాయి. మధ్యాహ్నం దాటేసరికి పైన పన్నెండు, కింద పన్నెండు. ఉప్పు బస్తాలు వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్ళిపోయాయి.

వ్యాను మళ్ళీ ఆలస్యంగానే వచ్చింది. సంచిలో నీళ్ళు నాతో చూశారు, ఇరవై రెండు. చెరువు పన్నెండు. మధ్యలో దిగాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. ఒక్కో మెట్టూ నెమ్మదిగా దింపాలి. భూషణం చంకలో పంచాంగంతో గడియారం చూస్తున్నాడు.

"ఇంకో పావుగంటే ఉంది ముహూర్తం. తరవాత వర్జ్యం. నా మీదకి తేకండి మరి."

డ్రైవరేమో, "ఏవండీ బాబూ, తొందరగా కానివ్వండి, ఇంకో ఊరెళ్ళాలి" అని హారను కొడుతున్నాడు. త్రిమూర్తులు చేతిలో సంచులు కోసే కత్తెర. ముహూర్తం తప్పితే ఒక భయం, పట్టుకుంటే ఒక భయం. పెళ్ళాం ముఖం చూశాడు.

"ముహూర్తానికే వదులుదాం" అంది మాణిక్యం.

నా గుండె, అంటే నా గాజు, ఝల్లుమంది.

"అన్నయ్యా, ముహూర్తానికి పిల్లా చెరువూ కలవాలి, అంతే కదా మీ శాస్త్రం?" అని భూషణాన్ని అడిగింది.

"అంతే."

"అయితే పిల్లని చెరువులోకి వదలొద్దు. చెరువుని పిల్లలోకి వదులుదాం. మీ ఘడియ రాగానే మొదటి చెంబు చెరువు నీళ్ళు మీ చేత్తోనే తొట్టెలో పొయ్యండి."

భూషణం పంచాంగం తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఎక్కడా 'కూడదు' అని లేదు. అతని ముఖంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"మాణిక్యం, ఇంతకాలం నా ముహూర్తానికి అందరూ తొందరపడ్డారే గాని, ముహూర్తాన్ని నెమ్మదిగా నడిపినోళ్ళు లేరు. తే ఆ చెంబు!"

తొట్టెల్లో పిల్లని పోశారు, గాలి గొట్టాలు వేశారు. ఘడియ రాగానే భూషణం చెంబెత్తి చెరువు నీళ్ళు ధారగా పోశాడు. అక్షింతలు వేసినంత భక్తిగా పోశాడు. తరవాత మాణిక్యం పోసింది, త్రిమూర్తులు పోశాడు. కొద్దిగా పోయడం, ఆగడం, నన్ను కంటికి పెట్టుకోవడం. ఇరవై. పద్దెనిమిది. మధ్యలో పిల్ల కాస్త మందగిస్తే ఆగి, గాలి పెంచి, తేరుకున్నాక మళ్ళీ పోశారు. విసుక్కున్న డ్రైవరు కూడా కాసేపటికి హారను మానేసి చెంబు అందుకున్నాడు. పొద్దు వాలేసరికి నా గీత పన్నెండు మీద ఆగింది.

వదిలేముందు మాణిక్యం తెల్లటి బేసిన్‌లో కొంత పిల్లని తీసుకుని, వేలితో నీళ్ళను గిరగిరా తిప్పింది. అందరూ వంగారు. నీరసపడ్డ పిల్లయితే సుడితో పాటు కొట్టుకుపోయి మధ్యలో కుప్పపడుతుంది. బలమున్నదైతే ఎదురీదుతుంది.

నీళ్ళు తిరుగుతున్నాయి. వెంట్రుకముక్కలంత పిల్లలు, చూస్తూండగానే ఒకటొకటిగా తలలు తిప్పి, సుడికి ఎదురు తిరిగాయి. బేసిన్ అంచు పొడుగునా వరసగా నిలబడి, కాళ్ళాడిస్తూ ఈదాయి. మధ్యలో ఒక్కటీ లేదు.

త్రిమూర్తులు గట్టు మీద చతికిలబడి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు. "ఇక ఆ వాచ్‌మన్ మాట ఎత్తకండి" అని మాణిక్యం మెల్లగా అంది. "ఎత్తను" అన్నాడు, చేతుల్లోంచే.

సరిగ్గా అప్పుడు పేరంటాలమ్మ నెత్తిన పరమాన్నం గిన్నెతో గట్టెక్కింది.

"ఒరే మూర్తీ, పిల్లలు లేచారా?"

"లేచారమ్మా! చక్కగా ఈదుతున్నారు!"

"నా తల్లే, నా తల్లే! ఇద్దరూనా?"

"ఇద్దరేంటమ్మా? లక్షలున్నారు!"

పెద్దావిడ గిన్నె దింపి ముక్కున వేలేసుకుంది. "శాలినికి లక్షలమంది పిల్లలా!"

"శాలిని ఎవరండీ?" అని డ్రైవరు భూషణాన్ని అడిగాడు. భూషణం అనుమానంగా త్రిమూర్తులు వైపు చూశాడు. త్రిమూర్తులు భయంగా మాణిక్యం వైపు చూశాడు. మాణిక్యం ఒక్క నిమిషం ఆలోచించి, పొద్దున్న చెవిన పడ్డ మాట గుర్తొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"అత్తయ్యా! అది శాలిని కాదు, సాలినిటీ! నీళ్ళలో ఉప్పదనాన్ని అలా అంటారు. నిన్న పదిహేనున్న ఉప్పదనం ఇయ్యాల పైన నాలుగుకి పడిపోయిందని మీ అబ్బాయి అరిచాడు. పిల్లంటే రొయ్యపిల్ల!"

అందరికీ అర్థమై గట్టు అదిరేలా నవ్వారు. పేరంటాలమ్మ నవ్వలేదు. "అయితే ఆ పిల్లలు లేరా?" అంది, పొద్దున్నించీ మనసులో పెంచుకున్న ఇద్దరాడపిల్లల్ని ఒక్కసారిగా పోగొట్టుకున్నట్టు. మాణిక్యం నవ్వు ఆపి, నా గాజు మీద చెరువు నీళ్ళు రెండు చుక్కలు వేసి, నన్ను అత్తగారి కంటికి ఆనించి, పడమటి వెలుగు వైపు తిప్పింది.

"పైన నీలం, కింద తెలుపు ఉన్నాయా? మధ్యలో గీత దగ్గర అంకె చూడండి."

"పన్నెండు."

"అదే మీ శాలిని. ఇందాక మీరన్నట్టు ఇద్దరే. చిన్నది పైన, పెద్దది కింద. సాయంత్రానికి కలిసి ఒక్కటయ్యారు."

పెద్దావిడ చాలాసేపు చూసింది. ఆవిడ రెప్ప వెచ్చగా నాకు ఆనింది. "బాగుందే పిల్ల" అంది చివరికి, గిన్నె మూత తీస్తూ. వేసేటప్పుడు ముడతలు పడి ఉన్న కిస్మిస్‌లు పరమాన్నంలో నీరు తాగి గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. దాని వెనక శాస్త్రం నేను చెప్పగలను గాని, తినేవాళ్ళ మధ్య పాఠం చెప్పేంత చప్పనివాణ్ణి కాను.

ఇప్పుడు నేను చెరువు దగ్గర షెడ్డులో ఒక మేకుకి వేలాడుతుంటాను. ఆ రోజు పడ్డ గీత ఒకటి నా అద్దం మీద ఉంది. పై నీళ్ళు, అడుగు నీళ్ళు రెండూ చూడటం ఇప్పుడు పొన్నలంక మొత్తానికి అలవాటైంది. పిల్ల వేలెడు పొడుగైంది. రోజూ పొద్దున్నే మాణిక్యం నన్ను మంచినీళ్ళతో కడిగి సున్నాకు తెస్తుంది, ఆ తరవాతే చెరువు దగ్గరికి తీసుకెళ్తుంది. మనుషులక్కూడా నిద్ర లేవగానే సున్నాకు తెచ్చే మర ఒకటుంటే ఎంత బాగుండునో అనుకుంటూ ఉంటాను.

పేరంటాలమ్మ కూడా రోజూ గట్టుకొస్తుంది. విషయం తెలిసినా మాట మార్చుకోలేదు.

"శాలినికి ఎంతరా?"

"పన్నెండమ్మా."

"నిన్నా పన్నెండే, మొన్నా పన్నెండే. ఎదగదేంట్రా పిల్ల?"

"ఎదక్కూడదమ్మా" అంటాడు త్రిమూర్తులు, నన్ను మేకుకి తగిలిస్తూ. "అది అలా ఉంటేనే మనోళ్ళు ఎదుగుతారు."